అరవై దాటాక స్టీరింగ్ పట్టుకునేవారికి: సీమ దారుల్లో చట్టం, జాగ్రత్త

ఇన్నేళ్లు దాటితే బండి నడపకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో కింది వయసుకు హద్దు ఉంది గానీ పై వయసుకు లేదు. కళ్లు, కాళ్లు, చేతులు సహకరిస్తే 80 ఏళ్ల మనిషి కూడా లైసెన్సు రెన్యూవల్ చేయించుకుని కారు నడుపుకోవచ్చు. అయితే అదే చట్టంలో 186వ సెక్షన్ ఉంది. జబ్బు వల్లనో లోపం వల్లనో తను నడిపితే ఎదుటివాళ్లకు ప్రమాదమని తెలిసీ బండి తీస్తే నేరం. జరిమానా మొదటిసారి 1,000 రూపాయల వరకు, ఆ తర్వాత 2,000 వరకు. అంటే చట్టం దృష్టిలో వయసు తప్పు కాదు, ఒళ్లు బాగాలేదని తెలిసి బండెక్కడం తప్పు. ఆర్టీఓ ఆఫీసు మిమ్మల్ని ఐదేళ్లకోసారి చూస్తుంది. మిగతా రోజులన్నీ చూసుకోవాల్సింది మీరే. కర్నూలు, అనంతపురం, కడప వైపు తిరిగే పెద్దవాళ్లు ఏమేం చూసుకోవాలో వరసగా చెప్పుకుందాం.

ముందు లైసెన్సు మీద తేదీ చూడండి

2019 సవరణ తర్వాత సొంత బైకు, కారు లైసెన్సుల గడువు తీసుకున్ననాటి వయసును బట్టి ఉంటుంది. 30 నిండి 50 లోపు తీసుకుంటే పదేళ్లు. 50 నిండి 55 లోపు అయితే 60 నిండే దాకా. 55 దాటాక ఎప్పుడు తీసుకున్నా ఐదేళ్లే. లారీ, బస్సు, ట్యాక్సీ లాంటి రవాణా వాహనాలకు వయసుతో పనిలేకుండా ఐదేళ్లు.

పెద్దవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వయసులో ఉన్నప్పుడు ఒకసారి తీసుకున్న లైసెన్సు ఇరవై ఏళ్లు నడిచింది, ఆ అలవాటుతో తేదీ వైపు చూడరు. పైగా గడువు తీరినా నెల రోజులు చెల్లుతుందనే మాట ఇంకా ఊళ్లలో వినిపిస్తుంది. ఆ 30 రోజుల వెసులుబాటును 2019లోనే తీసేశారు. గడువు తీరిన మర్నాటి నుంచి మీరు లైసెన్సు లేనివారి కిందే లెక్క. 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా పడుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సు దగ్గర తగులుతుంది. ప్రమాదంలో ఎదుటివారికి కంపెనీ పరిహారం కట్టినా, చెల్లని లైసెన్సుతో నడిపారని ఆ సొమ్మును బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ముసలితనంలో పొలం అమ్ముకునే పరిస్థితి అలా వస్తుంది.

రెన్యూవల్ ఎలా చేయించుకోవాలి

గడువుకు ఏడాది ముందు నుంచి, తీరాక ఏడాది లోపల అప్లికేషన్ పెట్టవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాల్సిందే; బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ట్రాకు మీద ఎనిమిది ఆకారంలో బండి తిప్పి చూపాలి. అందుకే ఆఖరి నెల దాకా ఆగొద్దు, మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. కళ్లలో శుక్లాలు బయటపడితే ఆపరేషన్ చేయించుకుని కోలుకోవడానికి ఆ వ్యవధి పనికొస్తుంది.

1. ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొత్త అద్దాలు వచ్చాకే మిగతా పని.

2. 40 దాటినవారికి ఫారం 1ఎ తప్పనిసరి. రిజిస్టర్డ్ డాక్టరు పరీక్ష చేసి సంతకం పెట్టాలి. చూపు, రంగులు గుర్తించడం, వినికిడి, కాళ్లూ చేతుల కదలిక, మూర్ఛ వంటివి చూస్తారు.

3. ఫారం 1 మీరే నింపి సంతకం చేసే ధ్రువీకరణ. దీన్ని బ్రోకరు చేతికిచ్చి ఖాళీ సంతకం పెట్టొద్దు.

4. పరివాహన్ వెబ్‌సైట్‌లో సారథి విభాగానికి వెళ్లి, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకుని, డ్రైవింగ్ లైసెన్సు రెన్యూవల్ నొక్కండి. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే వివరాలు వస్తాయి. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. ఊరు విడిచిపోయిన కొడుకు నంబరో, ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల నంబరో ఇస్తే ఓటీపీలు, సందేశాలు మీకు రావు.

5. కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యూవల్ రుసుము 200 రూపాయలు. కార్డుకు, సేవలకు వేరుగా ఉంటుంది. రసీదు దాచుకోండి.

6. ఇచ్చిన తేదీన ఒరిజినల్ లైసెన్సు, ఆధార్, ఫారాలు తీసుకుని ఆఫీసుకు వెళ్లండి.

కార్డు చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ ఫోన్ యాప్‌లలో కనిపించే లైసెన్సు, ఆర్‌సీలు అసలు కార్డులతో సమానంగా చెల్లుతాయి.

డాక్టరు సర్టిఫికెట్ తామే తెప్పిస్తామనే బ్రోకర్లు ప్రతి ఆఫీసు బయటా ఉంటారు. పరీక్ష లేకుండా వచ్చిన ఆ కాగితం మిమ్మల్ని ఏ రకంగానూ కాపాడదు. అప్పటిదాకా మీకే తెలియని గ్లాకోమాను (మెల్లగా చూపు తినేసే కంటి జబ్బు) పట్టుకునే ఒక్క అవకాశాన్నీ అది పోగొడుతుంది.

ఫారం 1 ప్రశ్నలతో ఇంట్లోనే పరీక్ష

ఆ ఫారంలో ఉన్న ప్రశ్నలు చాలా తెలివైనవి. ఐదేళ్లకోసారి కాకుండా ప్రతి ఆరు నెలలకూ వాటికి జవాబు చెప్పుకోండి.

పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా? వీధిలో నిలిపిన కారు నుంచి మామూలు అడుగులు 33 వేస్తే ఇంచుమించు ఆ దూరం వస్తుంది. అద్దాలు పెట్టుకునే చదవండి, కానీ ఒక్కో కన్ను మూసి విడివిడిగా చూడండి. రెండు కళ్లతో చదివేటప్పుడు బాగున్న కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. మధ్యాహ్నం చదివాక అదే ప్లేటును మాపటేళ దీపాలు పెట్టే వేళ చదవండి. అప్పుడు తడబడితే మీరు రాత్రి బండి తీయకూడదు.

మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, తల తిరగడం ఉన్నాయా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందా? రేచీకటి ఉందా? మామూలు హారన్ వినిపిస్తోందా? వీటిలో దేనికి జవాబు తేడాగా ఉన్నా ముందు డాక్టరు, తర్వాత బండి. 16వ సెక్షన్ ప్రకారం జబ్బు కారణంగా లైసెన్సు రద్దు చేసే అధికారం ఆర్టీఓకు ఎప్పుడైనా ఉంటుంది.

షుగర్ ఉన్నవారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. పడిపోయేటప్పుడు మొదట దెబ్బతినేది తీర్పు, అంటే తనకు బాగాలేదని గ్రహించే శక్తే పోతుంది. అందుకే ఒళ్లు చెబుతుందిలే అని నమ్ముకోవద్దు, మీటరుతో చూడండి. బయలుదేరే ముందు 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగాకే కదలండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మామూలుకు వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగండి, ఎందుకంటే రక్తంలో షుగర్ పెరిగినా మెదడు తేరుకోవడానికి సమయం పడుతుంది. దూరప్రయాణంలో రెండు గంటలకోసారి ఆగి చూసుకోవాలి. గ్లూకోజు పొడి చేతికందే చోట పెట్టుకోండి, డిక్కీలో కాదు.

మాత్రల్లో జలుబుకు వాడే సిట్రిజిన్, నిద్రకు వాడే అల్ప్రాజోలం రెండూ మత్తు తెస్తాయి. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, కొన్ని బీపీ మందులు లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే ఇది రెట్టింపు అవుతుంది. కొత్త మందు మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులు బండి ముట్టుకోవద్దు. మందు రాసే డాక్టరుకు మీరు బండి నడుపుతారని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయన అడగకపోవచ్చు.

కూర్చునే తీరు, అద్దాలు, టైర్లు

సీటు ఎత్తు పెంచండి. వయసుతో వెన్ను కుంగి, పదేళ్ల కిందట సరిపోయిన సీటు ఇప్పుడు కిందికి ఉంటుంది. స్టీరింగ్ చక్రం పైన కనీసం బెత్తెడు ఎత్తున మీ కళ్లుండాలి. ఛాతీకి, స్టీరింగ్‌కు నడుమ 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి. మరీ దగ్గరగా కూర్చుంటే ఎయిర్‌బ్యాగే పక్కటెముకలు విరగ్గొడుతుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వదులు చెప్పులతో నడపొద్దు, పెడల్ కింద ఇరుక్కుంటాయి.

మెడ తిరగకపోవడం పెద్ద సమస్య. పక్క అద్దాలను మీ సొంత కారు అంచు కనపడీ కనపడనంతగా బయటికి తిప్పుకుంటే గుడ్డి చోటు బాగా తగ్గుతుంది. లోపలి అద్దంలో వెనక గాజంతా కనిపించాలి. ముందు గాజును లోపలి వైపు వారానికోసారి తుడవండి. లోపల పేరుకునే సన్నటి పొరే రాత్రి ఎదురు లైట్లను పొగలా పరుస్తుంది.

టైర్ల విషయంలో పెద్దవాళ్ల కార్లకు ప్రత్యేకమైన లోపం ఒకటుంది. కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి గాళ్లు (టైరు మీది గాడులు) బాగానే కనిపిస్తాయి, చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల లోతు కంటే ఎక్కువే ఉంటుంది. కానీ ఎండకు రబ్బరు బిగుసుకుని పక్కల పగుళ్లు తేలి ఉంటాయి. అలాంటి టైరు మే నెల మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద 90 వేగంలో పేలుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత ఉన్నా మార్చేయండి. గాలి తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత పట్టించండి. ఎండలకు పేలుతుందని గాలి తగ్గించి పట్టించే అలవాటు ఉంది. అది తలకిందుల లెక్క. గాలి తగ్గితే టైరు ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కి, ముందే పేలుతుంది.

కాగితాల మాట క్లుప్తంగా: సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుంటే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు. సీటు బెల్టు వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి, లేకుంటే 1,000.

కూడళ్లు: పెద్దవాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే

వేగం వల్ల కుర్రవాళ్లు ప్రమాదాల్లో పడితే, పెద్ద వయసువాళ్లు ఎక్కువగా కూడలిలో, అందులోనూ కుడికి తిరిగేటప్పుడు పడతారు. ఎదురుగా వచ్చే బండి ఎంత వేగంలో ఉందో అంచనా వేసే శక్తి వయసుతో మందగిస్తుంది. బైకు సన్నగా ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్నట్టు తోస్తుంది.

నియమం ఇది: సర్కిల్ చుట్టూ ఇప్పటికే తిరుగుతున్న బండికి లోపలికి వచ్చే బండి దారివ్వాలి. సిగ్నలు, బోర్డు, పోలీసు లేని కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చే బండికి మీరు ఆగాలి. చిన్న దారి నుంచి పెద్ద దారికి ఎక్కేవారు పెద్ద దారి వాళ్లను పోనివ్వాలి. కడప ఏడు రోడ్ల కూడలిలోనో, కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారని అనిపించవచ్చు. ఎదుటివాడు పాటించడని అనుకునే కదలండి, మీరు మాత్రం పాటించండి. కేసు తప్పు ఎవరిదన్న దగ్గర తేలుతుంది.

చేయాల్సింది: కుడి మలుపు వీలైనంత తప్పించండి. మూడు ఎడమ మలుపులతో అక్కడికే చేరగలిగితే చేరండి. తప్పదంటే, ఆగి ఉన్నంతసేపూ చక్రాలు తిన్నగా ఉంచండి. ముందే కుడికి తిప్పి పెట్టుకుంటే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు ఎదురు లారీ కిందికే వెళ్తారు.

44, 40 నంబరు రహదారుల మీద

కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోయే 44వ జాతీయ రహదారి వంటి డివైడరున్న నాలుగు వరుసల దారిలో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కార్లకు 100, బైకులకు 80. మునిసిపల్ హద్దుల్లో కార్లకు 70, బైకులకు 60. స్థానికంగా ఇంకా తగ్గించి ఉంటే బోర్డు మీది అంకే చెల్లుతుంది.

80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆవును చూసి బ్రేకు తొక్కడానికి రెండు సెకన్లు పడితే అప్పటికే 44 మీటర్లు దాటారు. ఆగడానికి ఇంకో 40 మీటర్లు. మొత్తం 85 మీటర్ల దాకా. అదే 60లో 55 మీటర్ల చిల్లరతో ఆగిపోతారు. అందుకే ముందు బండికి నాలుగు సెకన్ల ఎడం ఉంచండి. ముందు లారీ ఒక కిలోమీటరు రాయి దాటగానే లెక్కించండి, మీరు అక్కడికి చేరేసరికి నాలుగు అంకెలు పూర్తవ్వాలి. నాపరాళ్లు, సిమెంటు మోసే లారీల వెనక ఆరు.

మెల్లగా పోతే చాలు క్షేమం అనుకోవడం కూడా తప్పే. 50 వేగంలో కుడి వరుసలో పోయే కారు వెనకవాళ్లందరినీ ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేయిస్తుంది. మెల్లగా పోయేవారి చోటు ఎడమ వరుస. ఎడమ వరుసలో అయితే వెనక లైటు కూడా లేని ట్రాక్టరు, పక్కకు ఆపిన లారీ, ఎదురు దిశలో వచ్చే బైకు ఉంటాయి, కాబట్టి కళ్లు ఎప్పుడూ వంద మీటర్ల ముందుండాలి. కోతల కాలంలో పల్లె దారుల మీద సగం రోడ్డు జొన్నలో, కందులో ఎండబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. చీకట్లో ఆ రాళ్లు అసలు కనపడవు. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టకుండా ఆగండి. బెదిరిన మంద ఎటు పోతుందో కాపరికీ తెలియదు.

కడప, రాయచోటి నడుమ 40వ రహదారి మీది గువ్వలచెరువు ఘాట్ వంటి చోట ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే వాడండి. పాతకాలం డ్రైవర్లకు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటుంది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో దిగుతూ ఉంటే పెట్రోలును దాదాపు పూర్తిగా ఆపేస్తాయి, కాబట్టి న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు. పోయేది మాత్రం ఇంజన్ పట్టు. అప్పుడు భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, ఆఖరి మలుపులో పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. పైన కోవా అంగళ్ల దగ్గర ఆగి పది నిమిషాలు నడిస్తే మీ కాళ్లకూ, బ్రేకులకూ మంచిది.

వంక పొంగి రోడ్డు మీద పారుతుంటే ఆగిపోండి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేలగొడుతుంది.

రాత్రి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 60 ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. ఎదురు లైటు కొట్టాక చూపు తేరుకోవడానికీ ఎక్కువ సమయం పడుతుంది. ఎదురు హైబీమ్ వచ్చినప్పుడు వేగం తగ్గించి, మీ ఎడమ పక్క తెల్ల గీతను చూస్తూ పోండి. రాత్రి పూట వాడమని అమ్మే పసుపు అద్దాలు కొనొద్దు, అవి ఉన్న కొద్ది వెలుగునూ తగ్గిస్తాయి. పెళ్లికి పోతే రాత్రి అక్కడే ఉండి తెల్లారి బయలుదేరండి.

ఎక్సెల్ మీద చేనికి పోయేవారికి

టీవీఎస్ ఎక్సెల్‌కు గేర్లు లేవు కదా, లైసెన్సు ఎందుకంటారు. కావాలి. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేనిది 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ బండికి మాత్రమే. హెల్మెట్ లేకుంటే 1,000 రూపాయలు, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు కూడా. వెనక కూర్చున్న అవ్వకూ హెల్మెట్ ఉండాల్సిందే. ఐఎస్ 4151 ముద్ర చూసి కొనండి. తలకు తువ్వాలు చుట్టి దాని మీద హెల్మెట్ పెడితే పట్టీ బిగవదు, పడ్డప్పుడు ఊడిపోతుంది. పంచె అంచు, చీర కొంగు చక్రానికి అందకుండా దోపుకోవాలి. మేత మోపు హ్యాండిల్ కంటే వెడల్పుగా ఉంటే పక్కన పోయే బస్సు గాలికే బండి ఊగుతుంది.

మనవడికి బండి ఇచ్చే ముందు 199ఎ సెక్షన్ గుర్తుంచుకోండి. 18 నిండని పిల్లవాడు నేరం చేస్తే బండి ఎవరి పేర ఉందో ఆ అబ్బకే మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ప్రమాదం జరిగితే

పారిపోవద్దు. బండి పక్కకు తీసి నాలుగు లైట్లూ వెలిగించి, మనుషుల్ని రోడ్డు కంచె అవతలికి పంపండి. 108కో 112కో ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద 1033 కూడా పలుకుతుంది. గాయపడినవారికి వైద్యం అందించడం, 24 గంటల్లోపు పోలీసులకు తెలపడం, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పడం 134వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యతలు. జనం కొట్టేలా ఉంటే నేరుగా దగ్గరి స్టేషనుకు వెళ్లవచ్చు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం దొరుకుతుంది. ఆసుపత్రిలో దాన్ని అడగండి.

తాళాలు ఇంట్లో పెట్టే రోజు

తెలిసిన దారిలోనే తప్పిపోవడం, కారు మీద ఎప్పుడు పడ్డాయో గుర్తులేని గీతలు, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం: మొదటి రెండూ డాక్టరును కలవమని చెబుతాయి, మూడోది ఒక్కసారి జరిగినా ఆపేయమని చెబుతుంది. పిల్లలు ఈ సంగతి పదిమందిలో ఎత్తొద్దు. "నాయనా, ఇంక కారు ముట్టొద్దు" అనే బదులు "రాత్రిపూట, హైవే మీద నేను తీస్తా, పగలు ఊళ్లో నువ్వు తీయి" అని మొదలుపెడితే ఆయన మర్యాద నిలుస్తుంది, మాటా నెగ్గుతుంది. 60 దాటినవారికి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీలో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ చూపితే చాలు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టే పనే లేదు.

బండి అమ్మేస్తే ఫారం 29, 30 మీద సంతకాలతో ఊరుకోకండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోపు మీరు ఆర్టీఓకు తెలియజేయాలి. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బండి చేసే ప్రమాదానికి పరిహారం మీ మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు పేరుకు మార్చినా ఇదే పద్ధతి, ఇన్సూరెన్సు పాలసీలో కూడా పేరు మార్పించాలి.